మహిమ

మామూలుగా జరగదనుకున్నది జరిగినప్పుడు, అందులో మనిషిని మించిన శక్తి ప్రమేయం ఉందని నమ్మి జనం అనే మాట మహిమ. మహత్తు, అద్భుతం, లీల, నిదర్శనం, ఈమధ్య మిరాకిల్ – ఇవన్నీ దాదాపు ఆ అర్థంలోనే వాడుకలో ఉన్నాయి. నిఘంటువుకు ఈ నిర్వచనం సరిపోవచ్చు. మనుషులు ఆ మాట అనే సందర్భాలకు మాత్రం ఇది చాలదు.

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి సన్నిధినే తీసుకుందాం. తెరిచి ఉన్న స్వామి నోట్లో అర్చకుడు శంఖంతో పానకం పోస్తాడు. గుటక వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి అది ఆగిపోతుంది, ఆ తర్వాత పోసింది బయటికి వచ్చేస్తుంది. మిగిలిందే ప్రసాదం. బిందెడు తెచ్చినా చెంబెడు తెచ్చినా స్వామి సగమే తాగి, సగం భక్తుడికి వదిలిపెడతాడని నమ్మకం. అంత బెల్లం నీళ్ళు ఒలికే చోట చీమలు చేరవంటారు. ఇది ఎప్పుడో ఒకనాడు జరిగి ఆగిపోయిన సంగతి కాదు. పానకం సమర్పించిన వాళ్ళందరికీ జరుగుతూనే ఉంటుంది. కాబట్టి అరుదుగా జరగడం మహిమకు తప్పనిసరి లక్షణమని చెప్పలేం. కొండ దిగి ఇంటికొచ్చినవాళ్ళు రాతి లోపల పానకం ఎటు పోతుందో చర్చించరు. స్వామి మా పానకం తాగాడు, మాకు సగం మిగిల్చాడు అని చెప్పుకుంటారు.

మహిమ అన్న మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి: ఇది ఎలా జరిగింది? ఇది ఎవరి కోసం జరిగింది? నమ్మేవాళ్ళు ఎక్కువగా రెండోదానికి జవాబు చెబుతుంటారు. శంకించేవాళ్ళు మొదటిదాన్ని పట్టుకుని నిలదీస్తారు. మహిమల మీద శతాబ్దాలుగా సాగిన వాదాల్లో చాలా భాగం, ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును రెండో ప్రశ్నకు అప్పగించడం వల్ల పుట్టినవే.

గ్రంథాలు, గాథలు

మహిమలను ఎక్కువగా చెప్పుకునే సంప్రదాయాల్లోనే వాటి మీద గట్టి అనుమానమూ ఉండటం గమనించవలసిన విషయం. పాళీ వాఙ్మయంలోని దీఘనికాయంలో కేవట్ట సుత్తం ఉంది. నాలందాకు చెందిన ఒక గృహస్థు బుద్ధుడి దగ్గరకు వచ్చి, ఈ ఊరు సంపన్నమైనది, జనసమ్మర్దం గలది, ఒక భిక్షువు చేత ఏదైనా అతీతశక్తి చూపిస్తే జనానికి మీ మీద గురి కుదురుతుందని అడుగుతాడు. బుద్ధుడు ఒప్పుకోడు. ప్రాతిహార్యాలు మూడు రకాలని వివరిస్తాడు. నీటి మీద నడవడం, ఒక్కడే పలువురై కనిపించడం వంటి సిద్ధులు మొదటివి. ఎదుటివాడి మనసులోది చెప్పేయడం రెండోది. బోధ మూడోది. మొదటిదాన్ని చూసిన నమ్మికలేనివాడు, అదేముంది, గాంధారీ విద్య నేర్చినవాడెవడైనా చేస్తాడు అనవచ్చు. రెండోదానికి మణికా విద్య అనవచ్చు. అందువల్ల ఆ రెండింటిలోనూ తనకు ప్రమాదమే కనిపిస్తోందని, మనిషిని మార్చే బోధనే తాను మెచ్చుతానని ఆయన చెబుతాడు. గారడీ కూడా ఇదే ఫలితం చూపించగలదన్న అభ్యంతరాన్ని బుద్ధుడే ముందుగా లేవనెత్తడం ఇందులోని విశేషం.

వినయ పిటకంలోని మరో కథ ఇంకా కఠినంగా ఉంటుంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు పాత్రను ఎత్తున కట్టించి, గాలిలో లేచి అందుకున్న అర్హతుడిదే ఆ పాత్ర అని ప్రకటిస్తాడు. పిండోల భారద్వాజుడు లేచి దాన్ని తెస్తాడు. జనం జేజేలు కొడతారు. బుద్ధుడు మాత్రం అతన్ని మందలించి, ఆ పాత్రను పగలగొట్టి పొడి చేయించి, గృహస్థుల ముందు సిద్ధులు ప్రదర్శించరాదని నియమం పెడతాడు. పతంజలి యోగసూత్రాల్లో మూడో పాదం పేరే విభూతి పాదం. అందులో సిద్ధుల జాబితా పెద్దదే. అవి సమాధికి అడ్డంకులని హెచ్చరించేదీ ఆ పాదంలోనే.

తెలుగు సాహిత్యంలో మహిమలకు పెద్ద గని 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణం. రాజు బిజ్జలుడి భాండాగారం సొమ్మును బసవన్న జంగములకు పంచేస్తున్నాడని చాడీలు పుడితే, లెక్క చూసినప్పుడు సొమ్ము సరిగ్గా ఉంటుంది. ఇలాంటిదే, ఇంకా ఎక్కువమంది నోళ్ళలో నానిన కథ రామదాసుది. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు గోల్కొండ కోటలో ఖైదయ్యాడు. 12 ఏళ్ళ తర్వాత రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో గోల్కొండ సుల్తాను తానీషా దగ్గరకు వెళ్ళి, 6 లక్షల మొహరీలు లెక్కగట్టి రసీదు తీసుకున్నారని గాథ.

ఈ కథ కొంచెం ఆగి చూడదగింది. కోట గోడలు కూలలేదు. సంకెళ్ళు వాటంతటవి ఊడిపడలేదు. బాకీ బాకీగానే తీరింది, పైగా రసీదు పుట్టింది. దేవుడు రెవెన్యూ నిబంధనను మీరకుండా తన మనిషిని విడిపించుకున్నాడు. అంతకన్నా ముఖ్యమైనది, దర్శనం దక్కింది తానీషాకు. ఇన్నేళ్ళూ మొరపెట్టుకున్న రామదాసుకు ఆ రాత్రి స్వామి కనిపించలేదు. విడుదలైనవాడు సంతోషించాల్సింది పోయి దర్శనం దక్కలేదని విలపించాడని కథ చెప్పేవాళ్ళు తప్పకుండా చెబుతారు. ఇక్కడ మహిమ విలువ చెర వీడటంలో లేదు, ఎవరికి కనిపించాడన్నదానిలో ఉంది. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని తానీషా కాలానికి ముడిపెట్టి చెప్పుకుంటారు.

క్రైస్తవంలో యోహాను సువార్త యేసు చేసిన అద్భుతాలను సంకేతాలుగా చూపిస్తుంది. తెలుగు బైబిల్ వాటిని సూచక క్రియలు అంటుంది. కానా ఊరి పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసం కావడం వాటిలో మొదటిది. తెలుగు చర్చిల్లో రోగం నయమైనవాళ్ళు సభ ముందు నిలబడి చెప్పుకునేదాన్ని సాక్ష్యం అంటారు. ఇస్లాంలో ప్రవక్తల ద్వారా జరిగినవి మోజిజాలు, వలీల, అంటే పుణ్యపురుషుల, ద్వారా జరిగినవి కరామత్‌లు. ఖురానే అన్నింటినీ మించిన మోజిజా అన్నది ముస్లిం పండితుల స్థిరమైన వాదం. దర్గాల చుట్టూ అల్లుకున్న కథలు రెండో కోవలోకి వస్తాయి.

తాత్వికుల వాదాలు

ప్రకృతి నియమం అంటే ఏమిటో తేలకుండా, దాన్ని మీరడం అంటే ఏమిటో తేలదు. 5వ శతాబ్దంలో సెయింట్ అగస్టీన్, అద్భుతం ప్రకృతికి విరుద్ధం కాదని, ప్రకృతి గురించి మనకు తెలిసినదానికి విరుద్ధమని అన్నాడు. 11వ శతాబ్దం చివర్లో అల్ గజాలీ ఇంకా ముందుకు వెళ్ళాడు. దూదికి నిప్పు తగలడం చూస్తాం, దూది కాలడం చూస్తాం. నిప్పే కాల్చిందన్నది మనం చూసింది కాదు, ఊహించుకున్నది. ఆ రెండింటినీ జత చేసేది దైవం అలవాటు. ఆ అలవాటు మారిన చోట మనం మహిమను చూస్తాం. దీనికి పూర్తిగా ఎదురు కొనలో స్పినోజా ఉన్నాడు. ప్రకృతి నియమాలే దైవ సంకల్పం కాబట్టి వాటిని మీరేదంటూ ఏదీ ఉండదని, కారణం తెలియనివాటికే జనం ఆ పేరు పెడతారని 1670లో రాశాడు.

ఎక్కువ చర్చ లేవదీసినవాడు స్కాట్లాండ్‌కు చెందిన డేవిడ్ హ్యూమ్. 1748లో వెలువడిన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం దీనికే కేటాయించాడు. అద్భుతమంటే ప్రకృతి నియమ భంగం అని నిర్వచించి, వాదాన్ని సాక్ష్యం మీదికి మళ్ళించాడు. చనిపోయినవాడు లేచి వచ్చాడని ఎవరైనా చెబితే రెండు సంభావ్యతలను తూచి చూడాలి: చెప్పేవాడు మోసపోయి ఉండటమో మోసగిస్తూ ఉండటమో ఒకటి; నిజంగానే లేచి రావడం రెండు. ఏది మరీ అసంభవమో దాన్ని వదిలేయాలి. ఈ కొలత ఇప్పటికీ పనికొస్తుంది. అయితే దాని బలహీనత హ్యూమ్ ఇచ్చిన ఉదాహరణలోనే ఉంది. నీరు గడ్డకట్టడం ఎన్నడూ చూడని ఒక భారతీయ రాజు, మంచు గురించి విని నమ్మలేదట. ఆ రాజు సరిగ్గానే ఆలోచించాడంటాడు హ్యూమ్. కానీ మంచు నిజం కదా. తెలిసిన అనుభవాన్నే హద్దుగా పెట్టుకుంటే నిజాలు కూడా బయటే ఉండిపోతాయి. రిచర్డ్ ప్రైస్ 1767లో ఇంకో లోపం చూపించాడు: లాటరీలో ఫలానా అంకెకు బహుమతి వచ్చిందంటే, అంతకుముందు అది ఎంత అసంభవమైనా పత్రికలో చదివి నమ్ముతాం. అరుదు కావడం ఒక్కటే సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి చాలదు.

నా దృష్టిలో అన్నింటికన్నా వెలుగునిచ్చేది ఆర్.ఎఫ్. హాలండ్ 1965లో చెప్పిన చిన్న కల్పిత కథ. బొమ్మ కారు తొక్కుకుంటూ ఒక పిల్లవాడు రైలు పట్టాల మీదికి వెళ్ళాడు. చక్రం ఇరుక్కుంది. మలుపు అవతలి నుంచి రైలు వస్తోంది. డ్రైవరుకు పిల్లవాడు కనిపించే వీలే లేదు. తల్లి కేకలు పెడుతోంది. రైలు పిల్లవాడికి అడుగుల దూరంలో ఆగిపోయింది. తల్లి దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత తెలిసింది ఏమంటే, డ్రైవరుకు అంతకుముందే ఏర్పడిన అనారోగ్యం వల్ల ఆ క్షణాన స్పృహ తప్పింది, మీట మీద చెయ్యి వదులైంది, బ్రేకులు వాటంతటవే పడ్డాయి. పిల్లవాడి కోసం ఎవరూ రైలు ఆపలేదు. ఈ వివరం తెలిశాక కూడా తల్లి దండం వెనక్కి తీసుకోలేదు. ఇందులో ఏ నియమమూ భంగం కాలేదు, అయినా ఆమె దాన్ని మహిమ అనడంలో అర్థం పోలేదు అంటాడు హాలండ్. మన ఇళ్ళల్లో గండం గడిచింది, భూమ్మీద నూకలున్నాయి, ఆ తల్లే అడ్డుపడింది అనే మాటలు సరిగ్గా ఈ కోవలోవి. ఆ మాట అన్నవాళ్ళు భౌతికశాస్త్రంతో తగువు పెట్టుకోవడం లేదు. అందిన ప్రాణానికి ఎవరికో ఒకరికి కృతజ్ఞత చెప్పుకోకుండా ఉండలేకపోతున్నారు.

యాదృచ్ఛికాలు మనం అనుకున్నంత అరుదు కావన్నది ఇంకో కోణం. గణితవేత్త లిటిల్‌వుడ్ పేరుతో చెలామణి అయ్యే లెక్క ఒకటుంది. మనిషి రోజుకు 8 గంటలు లోకాన్ని గమనిస్తూ, సెకనుకు ఒక సంఘటన చూస్తాడనుకుంటే 35 రోజుల్లో 10 లక్షలకు పైగా సంఘటనలు దాటిపోతాయి. పది లక్షలకొకసారి జరిగేదాన్ని మహిమ అంటే, నెలకొకటి ఎదురవుతుంది. లెక్క సరైనదే. కానీ ఆ ఒక్కటి తన బిడ్డ విషయంలో జరిగిన తల్లికి ఇది ఏమంత జవాబు కాదు.

పరీక్షకు నిలిచినవి, నిలవనివి

మొదటి ప్రశ్నను, అంటే ఎలా జరిగిందన్నదాన్ని, నియమం ప్రకారం పరీక్షించే పద్ధతి మతసంస్థల్లోనే పుట్టింది. ఫ్రాన్స్‌లోని లూర్ద్‌లో 1858లో బెర్నడెట్ అనే బాలికకు మరియమాత కనిపించిందన్న తర్వాత యాత్రికులు పెరిగారు. 1883 నుంచి అక్కడ వైద్యుల కార్యాలయం పనిచేస్తోంది. 18వ శతాబ్దంలో కార్డినల్ లాంబెర్తీని స్థిరపరచిన ప్రమాణాలు దానికి ఆధారం: జబ్బు తీవ్రమైనదై ఉండాలి, హఠాత్తుగా, పూర్తిగా నయమవ్వాలి, తిరగబెట్టకూడదు, మందు వల్ల తగ్గిందని చెప్పే వీలుండకూడదు. 7 వేలకు పైగా కేసులు నమోదైతే చర్చి అద్భుతాలుగా గుర్తించినవి 70కి కాస్త పైన. అక్కడి పని విభజన గొప్పగా ఉంటుంది. నేటి వైద్యజ్ఞానంతో దీన్ని వివరించలేమని మాత్రమే వైద్యులు చెబుతారు. అద్భుతం అని ప్రకటించేది బిషప్పు. రెండు ప్రశ్నలకు ఇద్దరు వేరువేరు మనుషులు.

ఆ గీత అన్నిసార్లూ ఇంత స్పష్టంగా ఉండదు. మదర్ థెరిసాను 2003లో ధన్యురాలిగా ప్రకటించడానికి ఆధారమైన స్వస్థత పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక గిరిజన మహిళది. కడుపులో గడ్డ ప్రార్థన వల్ల మాయమైందని చర్చి అంగీకరించింది. తమ మందులతోనే తగ్గిందని చికిత్స చేసిన వైద్యులు అన్నారు. రెండో స్వస్థతను గుర్తించాక 2016లో ఆమెను సెయింట్‌గా ప్రకటించారు.

మన దేశంలో పరీక్ష బాధ్యతను ఎక్కువగా హేతువాదులు తలకెత్తుకున్నారు. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూర్, మోసానికి తావులేని పరిస్థితుల్లో మహిమ చూపినవారికి లక్ష రూపాయలిస్తానని సవాలు చేశారు. ఆ సొమ్ము ఎవరూ గెలవలేదు. బసవ ప్రేమానంద్ ఆ పని కొనసాగించి, ఊరూరా విభూతి రాల్చి, కర్పూరం మింగి, నాలుకకు శూలం గుచ్చి చూపించి, కిటుకు విప్పి చెప్పారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి హెచ్. నరసింహయ్య మహిమల పరిశీలనకు కమిటీ వేసి, పుట్టపర్తి సత్యసాయిబాబాను తమ ఎదుట ప్రదర్శించమని లేఖలు రాశారు. ఆ ఆహ్వానాన్ని బాబా అంగీకరించలేదు. పరీక్షకు ఒప్పుకోకపోవడమే జవాబని హేతువాదులు అన్నారు. తన మహిమలు విజిటింగ్ కార్డుల వంటివని బాబా చెప్పేవారు.

తెలుగునాట 1940లో గోరా, సరస్వతీ గోరా కృష్ణా జిల్లా ముదునూరులో నెలకొల్పి, తర్వాత విజయవాడకు తరలించిన నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడిచే బహిరంగ ప్రదర్శనలు పెట్టింది. ఎంచుకున్న అంశం సరైనదే. వీరభద్రుడి జాతరల్లోనూ, పీర్ల పండగలోనూ గుండం తొక్కడం మన ఊళ్ళకు బాగా తెలుసు. కాలిన బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పైన బూడిద పొర ఉంటుంది, అడుగు నిప్పును తాకేది క్షణంలో కొంత భాగం. నిలబడితే కాలుతుంది, నడిస్తే దాదాపుగా కాలదు. 1935లో ఇంగ్లండ్‌లో హ్యారీ ప్రైస్ బృందం ఖుదాబక్ష్ అనే భారతీయుడి నడకను కొలతలతో పరిశీలించింది కూడా. ఇక ఉపవాసముండి, పసుపు బట్టలు కట్టి, బిడ్డ జబ్బు తగ్గితే తొక్కుతానని మొక్కుకున్న మనిషి నడక సంగతి. బొగ్గు గుణం ఆమెకు తెలియకపోవచ్చు, తెలిసినా ఆమె ఆ నడకను మానుకునేది కాదు. మొక్కు తీర్చుకోవడానికి నడిచిందామె.

1995 సెప్టెంబరు 21న ఢిల్లీలో మొదలై, ఒక్క రోజులో దేశమంతా, లండన్ దాకా వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త పాకింది. చెంచా తొండానికి ఆనించి కొంచెం వంచగానే తలతన్యత పాలను బయటికి లాగుతుంది, ఆ తర్వాత పల్చటి పొరగా విగ్రహం ఒంటి మీదుగా జారిపోతాయి. శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి ఆ జారుడును కళ్ళకు కట్టారు. వివరణ తిరుగులేనిది. గంటల తరబడి వరుసల్లో నిలబడ్డవాళ్ళకు ఆ రోజు దక్కింది మాత్రం వేరు: దేవుడికి తమ చేత్తో పాలు పట్టగలిగారు.

మందు దగ్గర మహిమ

నమ్మకాన్ని దాని మానాన వదిలేయాలన్న మాట రోగి మంచం దగ్గర చెల్లదు. అక్కడ మొదటి ప్రశ్న అడగకపోతే ప్రాణం పోతుంది. మంత్రాల తాయెత్తులతో ఫలానా జబ్బులు నయమవుతాయని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. 1976లో 42వ సవరణ శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి ప్రాథమిక విధి అన్నది. మోసపు బాబాల మీద చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ వారంలోనే మహారాష్ట్ర ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. కర్ణాటక 2017లో అలాంటి చట్టమే చేసింది.

వివరణకు లొంగని స్వస్థతను కొట్టిపారేయడమూ నష్టమే. 1891 ప్రాంతంలో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ పాత రికార్డుల్లో ఒక రోగి గురించి చదివాడు. మెడ దగ్గర క్యాన్సర్ గడ్డ, ఇక ఆశ లేదనుకున్న స్థితి. చర్మానికి సోకిన తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో జ్వరం వచ్చి, తగ్గేసరికి గడ్డ లేదు. కోలీ ఆ మనిషిని వెతికి పట్టుకున్నాడు. ఏళ్ళు గడిచినా ఆరోగ్యంగా ఉన్నాడు. శరీరంలోని రక్షణ వ్యవస్థను రేపితే క్యాన్సర్‌ను ఎదుర్కోగలదేమోనన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. ఆ దారిలో ఎన్నో మలుపుల తర్వాత ఇమ్యునోథెరపీ వచ్చింది, 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అదే స్ప్రూకు మందయింది. దాని వెంబడే పుట్టిన అమినోప్టెరిన్‌తో 1947-48లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో కొంతకాలమైనా వ్యాధి వెనక్కి తగ్గేలా చేయగలిగాడు. అరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెనుకా ఆయన నాయకత్వమే ఉంది. పత్రికలు అలాంటి మందులను అద్భుత ఔషధాలు అన్నాయి. ఆ అద్భుతం వెనుక ఏళ్ళ తరబడి విఫలమైన ప్రయోగాలున్నాయి, ఇంట్లో చావులున్నాయి.

బతికి బయటపడ్డవాళ్ళు

ఇవాళ పత్రికల్లో మిరాకిల్, మృత్యుంజయుడు అన్న మాటలు ఎక్కువగా కనిపించేది ప్రమాద వార్తల్లోనే. 2023 నవంబరు 12న ఉత్తరకాశీ జిల్లా సిల్క్యారా సొరంగం కూలి 41 మంది లోపల చిక్కుకున్నారు. ముందు సన్నటి గొట్టంతో, తర్వాత 6 అంగుళాల గొట్టంతో తిండీ గాలీ పంపారు. సుమారు 60 మీటర్ల శిథిలాల్లో ఆగర్ యంత్రం చివరి భాగంలో విరిగిపోయింది. మిగిలిన దూరాన్ని ర్యాట్ హోల్ మైనర్లు, అంటే ఎలుక కలుగుల్లాంటి ఇరుకు గనుల్లో తవ్వే కూలీలు, చేతి పనిముట్లతో తొలిచారు. 17వ రోజున, నవంబరు 28న, 41 మందీ బయటికొచ్చారు. సొరంగం ముఖద్వారం దగ్గర బాబా బౌఖ్‌నాగ్ చిన్న గుడి ఉంది. సహాయం చేయడానికి వచ్చిన ఆస్ట్రేలియా నిపుణుడు ఆర్నాల్డ్ డిక్స్ కూడా అక్కడ మోకరిల్లి, తర్వాత దీన్ని మిరాకిల్ అన్నాడు. తవ్వినవాళ్ళ పనినీ ఆ గుడినీ ఒకే ఊపిరిలో తలుచుకోవడంలో ఆయనకు ఇబ్బంది కలగలేదు. అది న్యాయమే అనిపిస్తుంది. కానీ 2018లో ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళికలో తప్పించుకునే మార్గం ఉంది, కూలే నాటికి అది కట్టి లేదు. మహిమ అన్న మాటతో సరిపెట్టుకుంటే ఈ సంగతి మరుగున పడుతుంది.

ఇలాంటి రక్షణలను మహిమలు అనడం మీద నైతిక అభ్యంతరం లేవనెత్తిన మతవేత్తలున్నారు. ఆంగ్లికన్ పండితుడు మారిస్ వైల్స్ 1986 నాటి ఉపన్యాసాల్లో, దేవుడు కొందరిని ప్రత్యేకంగా కాపాడతాడంటే ఘోరాల్లో నశించిన లక్షల మంది విషయంలో ఎందుకు ఊరుకున్నాడన్న ప్రశ్నకు జవాబు దొరకదని, అందువల్ల విడి విడి జోక్యాల ఊహనే వదులుకోవాలని వాదించాడు. మన దగ్గర ఈ ప్రశ్నకు కర్మ, ఆయుష్షు, లీల అన్న జవాబులు సిద్ధంగా ఉంటాయి. అవి బతికినవాడి గురించి చెప్పడం తేలిక, పోయినవాడి ఇంట్లో చెప్పడం కష్టం.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం ముఖద్వారానికి సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి వచ్చిన ఎనిమిది మంది ఇంజనీర్లు, ఆపరేటర్లు, కూలీలు లోపల ఉండిపోయారు. సిల్క్యారాలో తవ్విన ర్యాట్ హోల్ మైనర్లు ఇక్కడికీ వచ్చారు. సైన్యం, సింగరేణి రెస్క్యూ సిబ్బంది, జాడ పట్టే కుక్కలు అన్నీ దిగాయి. సిల్క్యారాలో శిథిలాలకు అవతల 41 మంది నడవగలిగేంత ఖాళీ సొరంగం మిగిలి ఉంది, గొట్టం వాళ్ళను చేరింది. ఇక్కడ ఊట నీరు, బురద, విరిగిన టన్నెల్ బోరింగ్ యంత్రం ఆ చోటునంతా నింపేశాయి. వారాల వెతుకులాటలో రెండు మృతదేహాలే బయటికొచ్చాయి.